వరిచేను నాచు పెంచడం ఎలా, పెరిగింది అదేనని తేల్చుకోవడం ఎలా

దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసి కాలువలు కట్టేసే రోజులు వచ్చాయంటే ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "వరిచేలో చల్లే నీలి ఆకుపచ్చ నాచు ఇంటి దగ్గర పెంచుకోవచ్చా?" దాని వెనకే ఇంకొకటి: "పోయినేడు పెంచి చల్లాం, ఏమీ తేడా కనిపించలేదు, ఎందుకు?"

పెంచుకోవచ్చు. పెద్ద కష్టం కూడా కాదు. ఈ నాచు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందిస్తుంది, చల్లేది అందుకే. పని చేయకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం మాత్రం ఒకటే. తొట్టిలో పచ్చగా ఏదో పాచి పట్టింది, అదే నాచు అనుకుని ఎండబెట్టి చల్లేశారు. పచ్చగా పెరిగేదల్లా నత్రజని ఇవ్వదు. అందుకే ఇక్కడ పెంచడం గురించి కొంత, పోల్చుకోవడం గురించి ఎక్కువ రాస్తున్నాను.

తెలియాల్సిన సంగతి కొంచెమే

మనం నాచు అంటున్నా ఇవి నిజానికి బాక్టీరియా. ఎండతో ఆహారం తయారు చేసుకుంటాయి. వీటిలో కొన్ని రకాల్లో కణాలు ఒకదానికొకటి అతుక్కుని పూసల దండలా ఉంటాయి. ఆ దండలో అక్కడక్కడ ఒక కణం మందపాటి గోడ కట్టుకుని, పాలిపోయిన రంగులో, మిగతావాటికి భిన్నంగా కనిపిస్తుంది. దాని పేరు హెటెరోసిస్టు. గాలిలోని నత్రజనిని పట్టేది ఆ కణమే. ఆ పని చేసే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది కాబట్టి ఆ మందపాటి గోడ. పక్క కణాలు దానికి చక్కెర ఇస్తాయి, అది వాటికి నత్రజని ఇస్తుంది.

ఇందులో రైతు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. చుట్టూ నీళ్ళలో యూరియా, అమ్మోనియా దండిగా ఉంటే దండ ఈ కణాలను తయారు చేయడం మానేస్తుంది. ఊరికే దొరుకుతుంటే కష్టపడేదెవరు? కింద రాసిన జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క కారణం వల్లే.

వరిమళ్ళలో నత్రజని నిలవడానికి ఈ జీవులు కారణమని 1939లో పి.కె. డే చూపించారు. ఆ తర్వాత ఆర్.ఎన్. సింగ్, జి.ఎస్. వెంకటరామన్ వంటి మన శాస్త్రవేత్తలు దీన్ని పొలం దాకా తెచ్చారు. రైతు తొట్టిలో పెంచుకునే పద్ధతి అలా వచ్చిందే.

కావలసినవి

ఇవి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ముప్పావు అడుగు లోతు ఉన్న ఒక తొట్టికి సరిపోతాయి.

- తొట్టి. రేకు తొట్టి ఉంటే సరే. లేకపోతే నాలుగు వైపులా ఇటుకలు పేర్చి లోపల బరకం పరిస్తే చాలు. చిరుగు లేని బరకం చూసుకోండి.
- జల్లించిన ఒండ్రు మట్టి 8 నుంచి 10 కిలోలు.
- సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 200 గ్రాములు.
- విత్తనం, అంటే మదర్ కల్చర్, 200 నుంచి 250 గ్రాములు.
- మంచినీళ్ళు. నాలుగంగుళాల లోతుకు సుమారు 170 లీటర్లు పడతాయి.
- దోమతెర గుడ్డ, కాస్త వేపగింజల పొడి.
- పరీక్షకు: చిన్న భూతద్దం, టింక్చర్ అయోడిన్, సర్జికల్ స్పిరిట్. మైక్రోస్కోపు దొరికితే ఇంకా మంచిది.

సూపర్ ఫాస్ఫేట్ బదులు ఇంట్లో మిగిలిన డీఏపీ వేయవచ్చా అని ప్రతిసారీ అడుగుతారు. వద్దు. డీఏపీలో 18 శాతం నత్రజని ఉంది. 20-20, 28-28 కాంప్లెక్స్ ఎరువులు కూడా అంతే. అవి వేస్తే తొట్టి ఇంకా బాగా పచ్చబడుతుంది, చాలామంది మోసపోయేది అక్కడే. ఆ పచ్చదనం మామూలు పాచిది.

మట్టి చేపల చెరువు గట్టు నుంచి, పెంటకుప్ప పక్క నుంచి తేకండి. కాలువ పూడిక తీసిన మట్టి, లంక మట్టి బాగుంటాయి. నీటి విషయంలో ఊరిని బట్టి ఆలోచించాలి. సముద్రం వైపు, అంతర్వేది, మొగల్తూరు చుట్టుపక్కల చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. అక్కడ మంచినీటి చెరువు నీళ్ళు వాడుకోవడం మేలు. పంచాయతీ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు ఎండలో ఉంచండి. చేపల చెరువు నీరు మాత్రం వద్దు. అందులో అమ్మోనియా ఉంటుంది, మనకు అక్కరలేని రకాల నాచూ ఉంటుంది.

విత్తనం ఎక్కడిది?

వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రంలో, మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో ముందుగా అడిగి చూడండి. మారుటేరులో పరిశోధన కేంద్రం, ఉండి ఊళ్ళో కృషి విజ్ఞాన కేంద్రం మన గోదావరి డెల్టాలోనే ఉన్నాయి. అన్ని కాలాల్లోనూ స్టాకు ఉంటుందనుకోకండి, కనుక్కుని వెళ్ళండి.

దొరకకపోతే రెండో దారి మీ చేలోనే ఉంది. దాళ్వా కోత తర్వాత నీరు ఇంకి ఎండిన మడిలో, యూరియా తక్కువ పడిన మూలల్లో, మట్టి మీద నల్లటి లేదా ముదురు ఆకుపచ్చ పొర పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. తడిపితే జిగటగా ఉబ్బుతుంది. దాన్ని పలచగా గీకి తెచ్చుకోండి. మన నేలకు, మన నీటికి అలవాటు పడిన రకం కాబట్టి బయటి నుంచి తెచ్చినదాని కంటే ఇది నిలదొక్కుకునే అవకాశం ఎక్కువని నా అభిప్రాయం. కాకపోతే అందులో నానారకాలూ కలిసి ఉంటాయి. మొదటి తొట్టిలో పండినదాన్ని నేరుగా చేలో చల్లకుండా, అందులోంచి గుప్పెడు తీసి రెండో తొట్టికి, దానిలోంచి మూడోదానికి వేయండి. నత్రజని లేని నీళ్ళలో తన తిండి తాను చేసుకోగలిగిన రకమే చివరికి మిగులుతుంది.

పెంచే పద్ధతి

1. రోజుకు కనీసం ఆరేడు గంటలు ఎండ పడే చోట తొట్టి పెట్టండి. కోనసీమలో పెరట్లో కొబ్బరి చెట్ల నీడ తప్పించుకోవడం కష్టం, డాబా మీదే నయం. నేల మట్టంగా ఉందో లేదో చూసుకోండి. ఒక పక్కకు వాలితే ఒక వైపు ఎండిపోతుంది, రెండో వైపు మురిగిపోతుంది.

2. మట్టి, సూపర్ ఫాస్ఫేట్ కలిపి అడుగున సమంగా పరవండి. నాలుగంగుళాలు నీరు పెట్టి, చేత్తో ఒకసారి కలిపి వదిలేయండి. మట్టి పూర్తిగా పేరుకుని నీరు తేరే దాకా ఆగాలి, ఒక రాత్రి పడుతుంది. బురద నీటిలో విత్తనం చల్లితే దాని మీద మట్టి కమ్మి ఎండ అందదు. నీరు పుల్లగా, అంటే ఆమ్లంగా ఉంటే కాస్త సున్నం కలపమని చెబుతారు. మన డెల్టా నేలలకు సాధారణంగా ఆ అవసరం రాదు.

3. విత్తనాన్ని నలిపి నీటి మీద సమంగా చల్లండి. తర్వాత కలపకండి, కెలకకండి, తొట్టిని జరపకండి.

4. దోమతెర కప్పండి. నిలవ నీరు కాబట్టి ఇది నాచు కోసమే కాదు, ఇంట్లోవాళ్ళ కోసం కూడా. దోమ పిల్లలు, నీటి పురుగులు, చిన్న నత్తలు ఈ నాచును ఇష్టంగా తింటాయి. పాత కరపత్రాల్లో కార్బోఫ్యూరాన్ గుళికలు వేయమని ఉంటుంది. పిల్లలు, కోళ్ళు తిరిగే ఇంటి దగ్గర ఆ విషం పెట్టమని నేను చెప్పను. తెర ఉండి, పైన గుప్పెడు వేపగింజల పొడి పడితే చాలావరకు అదుపులో ఉంటుంది.

5. పొర కట్టే దాకా నీరు మూడంగుళాలకు తగ్గకుండా చూడండి. మే ఎండల్లో పలచని నీరు మరీ వేడెక్కుతుంది. ఈ నాచుకు 30 నుంచి 35 డిగ్రీలు హాయి. నీరు కలిపేటప్పుడు ఓ మూల నుంచి నెమ్మదిగా పోయండి.

6. పది పదిహేను రోజుల్లో మందపాటి పొర కట్టి, కొంత నీటి మీద తేలుతుంది. ఇక నీరు కలపడం ఆపండి. తొందరపడి నీరు వంచేయకండి. దానంతట అది ఇంకి ఎండాలి. నెమ్మదిగా ఎండుతున్నప్పుడు ఈ జీవులు కరువును తట్టుకునే పెద్ద గింజ కణాలు, ఎకినీట్లు, తయారు చేసుకుంటాయి. సంచిలో నెలల తరబడి బతికేవి ముఖ్యంగా అవే.

7. పెచ్చులుగా లేచాక చేత్తో ఏరండి. అడుగు మట్టి ఎక్కువ రాకుండా చూసుకోండి. ఈ కొలత తొట్టికి ఒక్కో కోతకు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు వస్తుంది. మళ్ళీ నీరు పెడితే అదే మట్టి మీద ఇంకో రెండు మూడు కోతలు వస్తాయి. దిగుబడి తగ్గినట్టనిపిస్తే కాస్త సూపర్ ఫాస్ఫేట్ కలపండి.

ఏప్రిల్ చివర మొదలుపెడితే రోహిణి ఎండలు కలిసొస్తాయి. మృగశిర వానలు మొదలయ్యాక తొట్టి పొంగి నాచు కొట్టుకుపోతుంది, ఎండబెట్టడమూ కుదరదు.

పెరిగింది అదేనా?

ఇదే అసలు విషయం. ఎండబెట్టక ముందే, పొర కట్టిన రోజుల్లోనే ఈ పరీక్షలు చేయండి.

వేళ్ళతో. కొంచెం తీసి వేళ్ళ మధ్య సాగదీయండి. పొడవాటి పచ్చటి పోగులు తెగకుండా జారుతూ వస్తే అది స్పైరోగైరా లాంటి మామూలు ఆకుపచ్చ పాచి. మనకు కావలసినది పొరగానో, జిగురు ముద్దగానో తెగి వస్తుంది. రంగు నీలం కలిసిన ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ, గోధుమ, ఒక్కోసారి నలుపు. నాస్టాక్ రకమైతే చిన్న చిన్న జిగురు ఉండలు కూడా కడుతుంది.

అయోడిన్‌తో. కొంచెం పాచిని చిన్న గిన్నెలో స్పిరిట్‌లో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళ పళ్ళెంలో ఉంచండి. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, స్పిరిట్ అంటుకుంటుంది. పచ్చదనం దిగిపోయాక తెల్ల సాసరులో పరిచి, నీళ్ళు కలిపిన అయోడిన్ రెండు చుక్కలు వేసి భూతద్దంతో చూడండి. ఆకుపచ్చ పాచి పిండిపదార్థం దాచుకుంటుంది కాబట్టి నీలి నలుపు చుక్కలు తేలతాయి. నీలి ఆకుపచ్చ నాచు దాచుకునేది వేరే పదార్థం, అది గోధుమ రంగుకే తిరుగుతుంది. రెండు రంగులూ కనిపిస్తే రెండూ కలిసి ఉన్నట్టే.

ఫ్రిజ్‌తో. పచ్చి నాచు ఒక చెంచాడు కొంచెం నీటితో గాజు సీసాలో పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, బయటపెట్టి కరగనివ్వండి. కణాలు పగిలి, నీటిలో కరిగే నీలిరంగు బయటికొస్తుంది. నీరు లేత నీలంగా మారితే మంచి గుర్తు. కొన్ని రకాల్లో ఎర్రరంగు కూడా కలిసి ఉండి ఊదాగా కనిపిస్తుంది. మామూలు పాచికి నీరు ఇలా మారదు. ఎండిన పెచ్చులతో ఈ పరీక్ష నమ్మకంగా రాదు, ఎండకు రంగు చెడుతుంది. సీసాకు చీటీ అంటించి పెట్టండి, ఎవరైనా ఏదో షర్బత్ అనుకుంటే ఇబ్బంది.

ఈ పరీక్షలన్నీ అది నీలి ఆకుపచ్చ జాతిదేనని మాత్రమే చెబుతాయి. నత్రజని పట్టే రకమా కాదా అన్నది మైక్రోస్కోపు చెప్పాల్సిందే. ఊళ్ళో జూనియర్ కాలేజీ బోటనీ మాస్టారిని అడగండి, కాదనరు. కాగితంతో మడిచే ఫోల్డ్‌స్కోపు ఉన్నా పర్వాలేదు, అది సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. అంత చిన్న కణాలను దానిలో పట్టుకోవడానికి కాస్త ఓపిక కావాలి.

అసలు హెటెరోసిస్టు ఎలా ఉంటుందో ముందు చూసి పెట్టుకోండి. దానికి సులువైన మార్గం అజొల్లా, అంటే నీటి మీద తేలే చిన్న ఫెర్న్ మొక్క. పశువులకు అజొల్లా పెంచేవాళ్ళ దగ్గర ఒక రెమ్మ తెచ్చి, ఒక ఆకును స్లైడు మీద నీటిచుక్కలో వేసి కవర్ స్లిప్‌తో నలపండి. ఆ ఆకు లోపలి గూటిలో కాపురముండే అనబీనా దండలు బయటికొస్తాయి. మధ్య మధ్య పాలిపోయి, గోడ మందంగా, అటూ ఇటూ పక్క కణాలతో కలిసే చోట మెరిసే చుక్కతో కనిపించేవే హెటెరోసిస్టులు. అజొల్లాలో అవి చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. విడిగా పెరిగే అనబీనాలో పది, ఇరవై కణాలకు ఒకటి కనిపిస్తుంది.

ఇక మీ తొట్టిలోది చూడండి.

- పూసలుగా, విడివిడిగా ఉంటే అనబీనా. మెలికలు తిరిగి జిగురులో ఉంటే నాస్టాక్. చుట్టూ గొట్టంలాంటి తొడుగు ఉండి మధ్యలో హెటెరోసిస్టులు ఉంటే ఆలోసిరా. కొమ్మ వేసినట్టు చీలి, చీలిన చోట హెటెరోసిస్టు ఉంటే టోలిపోత్రిక్స్. అన్నీ మంచివే, కలిసి ఉన్నా మంచిదే.
- కణాలన్నీ ఒకేలా ఇరుకిరుగ్గా పేర్చినట్టుండి, దారం దానంతట అదే మెల్లగా కదులుతూ ఊగుతుంటే ఆసిల్లటోరియా. హెటెరోసిస్టు ఉండదు. తొడుగు ఉండి హెటెరోసిస్టు లేకపోతే లింగ్బియా. ఇవి ఎక్కువగా ఉంటే ఆ తొట్టి పంట చేలోకి వద్దు.
- దారాలే లేకుండా చిన్న గోళీలు గుంపులుగా ఉంటే మైక్రోసిస్టిస్ కావచ్చు. చేపల చెరువుల్లో పచ్చ తెట్టు కట్టేది తరచుగా ఇదే, విషం కూడా తయారు చేయగలదు. తొట్టి ఖాళీ చేసి ఎక్కడైనా గొయ్యిలో పూడ్చేయండి. చెరువులోకి, బోదెలోకి వదలకండి.

దారాలు సరిగ్గానే ఉన్నాయి, హెటెరోసిస్టులు మాత్రం వెతికినా కనిపించడం లేదంటే విత్తనం చెడ్డదని తొందరపడకండి. నీటిలోనో మట్టిలోనో నత్రజని ఉండి ఉంటుంది. గుప్పెడు తీసి కొత్త మట్టి, కొత్త నీటిలో వేసి వారం తర్వాత మళ్ళీ చూడండి.

స్పిరులినా పొడి చల్లితే సరిపోదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. స్పిరులినా కూడా దారంలా పెరిగే నీలి ఆకుపచ్చ బాక్టీరియానే. దానికి హెటెరోసిస్టులు లేవు, గాలిలోని నత్రజనిని పట్టదు. డబ్బు దండగ. అలాగే తొట్టిలో పండినదాన్ని మనుషులు తినడం, పశువులు ఆ నీరు తాగడం రెండూ వద్దు.

దాచడం

గలగలలాడేలా ఎండాక పాలిథిన్ సంచుల్లో మూతి కట్టి, ఎరువులు, పురుగుమందులు లేని గదిలో పెట్టండి. పొడిగా ఉంటే రెండేళ్ళయినా వాడుకోవచ్చు. చల్లే ముందు మాత్రం బతికి ఉందో లేదో చూసుకోండి. తెల్ల పళ్ళెంలో కొంచెం మట్టి, చిటికెడు సూపర్ ఫాస్ఫేట్, రెండు అంగుళాల నీరు పోసి చిటికెడు పెచ్చులు వేసి ఎండలో పెట్టండి. వారం పది రోజుల్లో పచ్చ పొర రాకపోతే ఆ సంచి పనికిరాదు.

చేలో చల్లడం

నాట్లు ఊడ్చిన వారానికి, ఎకరానికి 4 కిలోలు. చేతికి అందేలా కొంచెం ఇసుకో మట్టో కలుపుకుని చల్లండి. మోతాదు ఎక్కువైనా నష్టం లేదు.

మడిలో రెండు మూడు అంగుళాల నీరు పది రోజులైనా కదలకుండా నిలవాలి. డెల్టాలో ఇదే పెద్ద చిక్కు. మనకు ఒక చేలోంచి ఇంకో చేలోకి నీరు పారుతుంది. గండ్లు కట్టకుండా చల్లితే మీ నాచు పక్కవాళ్ళ చేలో తేలుతుంది. కింది చేను వాళ్ళతో ముందే మాట్లాడుకుని గండ్లు పూడ్చండి.

సార్వాలో (ఖరీఫ్‌లో) పల్లపు చేలల్లో ముంపు, మబ్బు రెండూ ఉంటాయి. మురుగు కాలువ పొంగే చోట సార్వాకు ఈ శ్రమ పడమని చెప్పను. అక్కడ దాళ్వాకు వేయండి, నీరు మన చేతిలో ఉంటుంది, ఎండ బాగా కాస్తుంది. వెదజల్లిన చేలో, డ్రమ్ సీడరుతో వేసిన చేలో మొక్క నిలదొక్కుకునే దాకా ఆగండి. మందపాటి పొర తేలితే లేత మొక్కలను లాగేస్తుంది.

కలుపు మందు కొట్టిన రోజుల్లో, యూరియా చల్లిన రోజుల్లో నాచు వేయకండి. పైరులో పాచి ఎక్కువైందని ఎవరైనా మైలతుత్తం మూట బోదెలో కట్టమంటే, నాచు వేసిన చేలో వద్దు. రాగి ఈ జీవులను చంపేస్తుంది.

యూరియా ఎంత తగ్గించాలి?

బాగా పట్టిన చేలో ఎకరానికి ఒక పంటకు 10 నుంచి 12 కిలోల నత్రజని వస్తుందని శాస్త్రవేత్తల లెక్క. అర బస్తా యూరియాలో ఉండేది దాదాపు అంతే. అలాగని మొదటి పంటకే అర బస్తా ఎగ్గొట్టకండి. ఇది యూరియాలా మూడో రోజుకు చేను నల్లబరచదు. నాచు చచ్చి కుళ్ళాకే అందులోని నత్రజని ఎక్కువ భాగం వరికి అందుతుంది. వరసగా మూడు నాలుగు పంటలు వేస్తే చేలో నిలదొక్కుకుంటుంది.

మొదటిసారి ఇలా చేయండి. గట్టు బాగున్న రెండు పక్క పక్క మళ్ళు ఎంచుకోండి. రెండిటికీ యూరియా మీరు మామూలుగా వేసేదానిలో పావు వంతు తగ్గించండి. ఒకదానిలోనే నాచు చల్లండి. పిలకలు వేసే దశలో రెండింటి రంగు లీఫ్ కలర్ చార్టుతో (ఆకు పచ్చదనం పోల్చే రంగుల పట్టీతో) పోల్చండి, కోతలో రెండింటి ధాన్యం విడివిడిగా తూచండి. మిగతా చేనంతా మామూలు పద్ధతిలోనే ఉంచండి.

చల్లిన రెండు వారాలకు మడిలో దిగి నేల మీద, నీటి అంచున, దుబ్బుల మొదళ్ళ దగ్గర చూడండి. ముదురు పొర పట్టి ఉంటే కొంచెం తీసి మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టండి. ఏమీ పట్టకపోతే కారణాలు ఎక్కువగా ఈ నాలుగే: నీరు కదిలిపోయింది, భాస్వరం చాలలేదు, యూరియా ఎక్కువ పడింది, లేదా నత్తలు, పురుగులు తినేశాయి. దుక్కిలో సూపర్ ఫాస్ఫేట్ వేసి, మొదటి దఫా యూరియాను పైపైన చల్లకుండా ఆఖరి దమ్ములో మట్టిలో కలిసేలా వేస్తే వీటిలో రెండు తప్పుతాయి. పైరు కమ్మేశాక కింద ఎండ పడదు కాబట్టి ఆ పంటకు రెండోసారి చల్లి లాభం లేదు, మిగిలిన సంచి వచ్చే దాళ్వాకు దాచుకోండి.